ఫ్యాక్టరీకి పెట్టుబడి ఎవరు పెట్టాలి? - వియత్నాం రైతు చెప్పిన జవాబు

(సంఘం అధ్యయన తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం 'వెనుకబడిన దేశాల్లో సోషలిజానికి పరివర్తన - మార్క్సిస్టు అవగాహన'. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇలాంటి పేరు వింటే ఎవరికైనా కునుకు వస్తుంది. అందుకని ప్రపంచమంతా చుట్టి రాను. ఒక్క దేశం తీసుకుంటాను. వియత్నాం. అది వరి పండించే దేశం, చిన్న కమతాల దేశం, తెల్లవాడి పాలన కింద నలిగిన దేశం. మన కాకినాడ రేవులో బియ్యం ఎక్కిన ఓడకు ప్రపంచ మార్కెట్లో పోటీగా నిలిచేది థాయ్‌లాండ్ బియ్యం, ఆ వియత్నాం బియ్యమే. యుద్ధకాలంలో ఆ దేశం కోసం మనం నినాదాలిచ్చాం. యుద్ధం అయిపోయాక అక్కడి రైతు సంగతి ఏమైందో మనలో పట్టించుకున్నవాళ్లు తక్కువ. అసలు కథ అక్కడే ఉంది.

ముందు సిద్ధాంతం గురించి నాలుగు మాటలు.

మార్క్స్ 'పెట్టుబడి' గ్రంథం రాసింది ముఖ్యంగా ఇంగ్లండును చూసి. అక్కడ రైతుల్ని పొలాల్లోంచి వెళ్లగొట్టి, గొర్రెలకు కంచెలు కట్టి, భూమి పోయినవాణ్ణి మిల్లుకు తోలారు. మరి ప్రతి దేశం ఆ దారిలోనే నడవాలా? 1881లో రష్యా విప్లవకారిణి వేరా జాసులిచ్ ఇదే అడుగుతూ మార్క్స్‌కు ఉత్తరం రాసింది. మా ఊళ్లలో ఇంకా ఉమ్మడి భూములున్నాయి, అవన్నీ పోయి, పెట్టుబడిదారీ విధానం పూర్తిగా వచ్చాక గానీ సోషలిజం రాదా అని ఆమె ప్రశ్న. మార్క్స్ ఒకటికి నాలుగు చిత్తు ప్రతులు రాసుకుని, చివరికి చిన్న జవాబు పంపాడు. రైతుల భూమి పోవడం తప్పనిసరి అని తాను చెప్పింది పశ్చిమ యూరప్ దేశాలకు మాత్రమేనన్నాడు. ఇది చాలామంది మార్క్సిస్టులే మరిచిపోయిన ఉత్తరం. తర్వాత 1894లో ఎంగెల్స్ ఫ్రాన్సు, జర్మనీ రైతుల మీద రాస్తూ ఇంకాస్త స్పష్టంగా చెప్పాడు. అధికారం చేతికొచ్చినా చిన్నరైతు భూమిని బలవంతంగా తీసుకోకూడదు. సహకారం మేలని చేసి చూపించాలి, సాయం చేయాలి, అతను ఆలోచించుకునేదాకా ఆగాలి. అవసరమైతే తన ముక్క మీద తననే ఉండనిచ్చి ఆగాలి.

ఆగడం గురించి పుస్తకంలో రాయడం తేలిక. కొత్తగా అధికారంలోకి వచ్చిన ప్రభుత్వం ఆగగలదా? చుట్టూ శత్రువులు, ఖజానా ఖాళీ, కరెంటు లేదు, ఉక్కు లేదు. ఫ్యాక్టరీ కట్టాలి. ఫ్యాక్టరీకి పెట్టుబడి ఎక్కడినుంచి తేవాలి? ఇంగ్లండుకు వలసలున్నాయి, బెంగాల్ ఉంది, బానిసల వ్యాపారం ఉంది. పేద దేశపు కార్మిక ప్రభుత్వానికి అవేవీ లేవు. దాని చేతికి అందేది ఒక్కటే, సొంత దేశపు రైతు కళ్లంలోని ధాన్యం.

రష్యాలో అంతర్యుద్ధం నాడు ఆ ధాన్యాన్ని తుపాకులతో వెళ్లి పట్టుకొచ్చారు. రైతు తిరగబడ్డాడు, విత్తడం తగ్గించాడు. 1921 మార్చిలో లెనిన్ ఆ పద్ధతి ఆపించి, ఇంత అని ముందే చెప్పిన పన్ను తీసుకుని మిగిలింది రైతు అమ్ముకోవచ్చన్నాడు. దాన్నే నూతన ఆర్థిక విధానం అంటారు. రెండేళ్లకే ఇంకో చిక్కు వచ్చింది. ఫ్యాక్టరీ సరుకు ధర పైకి, ధాన్యం ధర కిందికి. కాగితం మీద గీసి చూస్తే తెరిచిన కత్తెరలా ఉంది. 1923 నాటి ఆ పరిస్థితికి 'కత్తెర సంక్షోభం' అనే పేరు వచ్చింది. యూరియా బస్తా ధర, వడ్ల బస్తా ధర పక్కపక్కన రాసుకునే మనకు ఆ కత్తెర గురించి విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఆ కత్తెర మీదే పెద్ద చర్చ నడిచింది. ధరల ద్వారా రైతు దగ్గర మిగులు లాగక తప్పదని ప్రియోబ్రజెన్‌స్కీ వాదం. రైతు కొనుగోలు శక్తి పెరిగితేనే ఫ్యాక్టరీ నడుస్తుంది, నెమ్మదిగానైనా రైతును కలుపుకుని పోదామని బుఖారిన్ వాదం. చర్చ తేలలేదు. 1929 నుంచి స్టాలిన్ బలవంతపు సమష్టీకరణకు దిగాడు, 1932-33లో లక్షల మంది ఆకలితో చనిపోయారు. వాదించిన ఆ ఇద్దర్నీ 1937, 38లలో కాల్చేశారు. ఫ్యాక్టరీలు లేచాయి, హిట్లర్‌ను ఓడించిన ట్యాంకులు అక్కడే తయారయ్యాయి, అదీ నిజమే. ఈ రెండింటినీ ఒకే త్రాసులో పెట్టి తూకం వేయడం నాకు చేతకాదు. కానీ ఒక నిజాన్ని రెండోదాని వెనక దాచే అలవాటు మాత్రం మనం మానుకోవాలి.

ఇక వియత్నాం.

దున్నేవాడికి భూమి

1945 మొదటి నెలల్లో వియత్నాం ఉత్తరాన ఘోరమైన కరువు వచ్చింది. జపాను సైన్యం, ఫ్రెంచి యంత్రాంగం కలిసి ధాన్యం ఊడ్చుకుపోయాయి, వరి తీసి జనుము వేయించాయి. చనిపోయినవాళ్లు 20 లక్షల మందని ఆ సెప్టెంబరు 2న స్వాతంత్ర్య ప్రకటనలో హో చి మిన్ చెప్పాడు. తక్కువ లెక్క వేసేవాళ్లు కూడా 4 లక్షలకు తగ్గరు. ఆ ఏడాది వియత్‌మిన్ దళాలు ధాన్యం గోదాములు బద్దలు కొట్టి జనానికి పంచాయి. వాళ్లకు రైతుల్లో వేళ్లు పాతుకున్నది అక్కడే.

1953 డిసెంబరులో భూసంస్కరణల చట్టం చేశారు. ఆ తర్వాత ఆరు నెలల్లోపే దియెన్ బియెన్ ఫూ దగ్గర ఫ్రెంచి సైన్యం లొంగిపోయింది. ఆ కొండలకు సైకిళ్ల మీద, భుజాల మీద బియ్యం మోసినవాళ్లు భూమి దక్కుతుందన్న నమ్మకం ఉన్న రైతులు. 1956 నాటికి ఉత్తరాన సుమారు 8 లక్షల హెక్టార్లు, మన లెక్కలో 20 లక్షల ఎకరాలు, 20 లక్షలకు పైగా కుటుంబాలకు పంచారు. మన తెలంగాణ సాయుధ పోరాటంలో సుమారు 3 వేల గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పంచారు. ఇక్కడ సైన్యం దిగాక అందులో చాలా భాగం భూస్వాములు మళ్లీ లాక్కున్నారు. అక్కడ పంచిన భూమి నిలబడింది, రాజ్యం పంచినవాళ్ల చేతిలోనే ఉంది కాబట్టి.

అయితే పంచిన తీరులో ఘోరాలు జరిగాయి. ప్రతి ఊళ్లో ఇంత శాతం భూస్వాములు ఉండే ఉంటారని పైనుంచి లెక్క వచ్చింది. ఆ లెక్క నింపడానికి మధ్యతరగతి రైతుల్ని, ఫ్రెంచివాడి మీద పోరాడినవాళ్లను కూడా భూస్వాముల జాబితాలో రాశారు. ఊరి మధ్య విచారణలు, అక్కడికక్కడే శిక్షలు. వేలమందిని చంపారు. 1956లో పార్టీయే 'తప్పుల సవరణ' ఉద్యమం పెట్టి, జైళ్లలో ఉన్నవాళ్లను వదిలింది. హో చి మిన్ ప్రజల ముందు తప్పు ఒప్పుకున్నాడు. ప్రధాన కార్యదర్శి ట్రూంగ్ చిన్ పదవి పోయింది. ఈ ట్రూంగ్ చిన్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాడు.

గంట కొడితే పొలానికి

భూమి వచ్చిన రైతుకు రెండు మూడు పంటలు సొంతంగా కోసుకునే అవకాశమే దక్కింది. 1958 నుంచి సహకార క్షేత్రాలు మొదలయ్యాయి. 1960 చివరికి ఉత్తరాన 85 శాతం కుటుంబాలు వాటిలో చేరాయి, లేదా చేర్చబడ్డాయి. రెండేళ్లలో 85 శాతం! ఎంగెల్స్ చెప్పిన ఆగడం ఇదేనా అని ఎవరూ అడగలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1959లో, మన దేశంలో కాంగ్రెస్ నాగపూర్ సభలో సహకార సేద్యం తీర్మానం చేసింది. ఆచార్య ఎన్.జి. రంగా గారు దాన్ని ఎదిరించి, ఆ ఏడాదే పుట్టిన స్వతంత్ర పార్టీకి నాయకుడయ్యారు. ఆయన రాజకీయం మనకు సరిపడదు. పెద్ద రైతుల ప్రయోజనాన్ని ఆయన చిన్న రైతు నోటితో చెప్పించారు. కానీ రెండెకరాల రైతు కూడా ఆయన మాట ఎందుకు విన్నాడో మనం అప్పట్లో తీరిగ్గా కూర్చుని ఆలోచించాల్సింది.

వియత్నాం సహకార క్షేత్రం ఎలా నడిచేదంటే, పొద్దున్నే గంట కొడతారు. దళాలుగా పొలానికి వెళ్లాలి. రోజు పనికి ఇన్ని పాయింట్లని రాస్తారు. పంట వచ్చాక ముందు పన్ను, తర్వాత తక్కువ ధరకు ప్రభుత్వానికి అమ్మాల్సిన కోటా, ఆపైన విత్తనం, క్షేత్రం నిధి, యాజమాన్యం వాటా తీస్తారు. మిగిలిందాన్ని పాయింట్ల లెక్కన పంచుతారు. చాలా వస్తే సరే. తక్కువ వస్తే పాయింటుకు దక్కేది గుప్పెడు వడ్లు. అప్పుడు మనిషి ఏం చేస్తాడు? పాయింటు కోసం పని చేస్తాడు గానీ పంట కోసం చేయడు. నాటు లోతుగా పడిందా, మడిలో నీళ్లు సరిపోయాయా అన్నది ఎవరికీ పట్టదు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మన సామెత ఊరికే పుట్టలేదు.

ప్రతి కుటుంబానికీ కూరగాయలకు, పందులకు, కోళ్లకు అని క్షేత్రం భూమిలో 5 శాతం విడిగా ఇచ్చేవారు. ఆ కొద్ది పెరటి భూమిలో రైతు ఎరువు దాచుకుని వేసి, తెల్లవారకముందే లేచి పని చేసేవాడు. ఇంటి ఆదాయంలో పెద్ద వాటా ఆ 5 శాతం మీదే వచ్చేది. బద్ధకం ఉన్నది రైతులో కాదనడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

మరి సహకార క్షేత్రాలు 20 ఏళ్లపాటు ఎలా నిలిచాయి? బలవంతం ఒక్కటే అంటే సగం మాటే చెప్పినట్టు. కాలువలు తవ్వింది అవే. ఊరికో బడి, ఆరోగ్య కేంద్రం పెట్టింది అవే. కొడుకు దక్షిణాదిన యుద్ధానికి వెళితే, ఇంట్లో ముసలి తల్లికి, కోడలికి బియ్యం కొలిచి ఇచ్చింది ఆ క్షేత్రమే. అమెరికా బాంబులు పడుతున్నప్పుడు కష్టాన్ని సమంగా పంచే ఏర్పాటుగా అది పనికొచ్చింది. పంట పెంచే ఏర్పాటుగా మాత్రం పనికిరాలేదు. ఈ రెండూ వేరువేరు విషయాలని ఒప్పుకోవడానికి నాయకత్వానికి చాలా కాలం పట్టింది.

ముందే చెప్పిన మనిషి

హనోయ్ పక్కన విన్ ఫుక్ అనే రాష్ట్రం ఉండేది. అక్కడ పార్టీ కార్యదర్శి కిమ్ న్గోక్. ఊళ్లు తిరిగి చూసి, 1966లో తన కమిటీతో ఒక తీర్మానం చేయించాడు. భూమి ఉమ్మడిదే, కానీ పనిని కుటుంబాలకు అప్పగిద్దాం, ఒప్పుకున్నదానికంటే ఎక్కువ పండితే వాళ్లకే అని. అమలు చేసిన చోట పంట పెరిగింది. 1968లో కేంద్రం నుంచి ఒక పెద్ద నాయకుడు వచ్చి, ఇది దొడ్డిదారిన ప్రైవేటు సేద్యాన్ని తేవడమేనని తీవ్రంగా విమర్శించాడు. ఆ నాయకుడు ట్రూంగ్ చిన్. కిమ్ న్గోక్ ఆత్మవిమర్శ రాసివ్వాల్సి వచ్చింది. ఒప్పందాలు రద్దయ్యాయి. ఆయన 1979లో చనిపోయాడు, తాను చెప్పింది దేశం ఒప్పుకోవడం చూడకుండానే.

1975లో దేశం ఒక్కటైంది. విజయం తెచ్చిన ధీమాలో, 1976-80 ప్రణాళికలో 2 కోట్ల 10 లక్షల టన్నుల ఆహార ధాన్యాలు లక్ష్యంగా పెట్టుకున్నారు. 1980లో పండింది సుమారు కోటీ 44 లక్షల టన్నులు. దక్షిణాన మెకాంగ్ డెల్టాలో మధ్యతరగతి రైతులు ఎక్కువ. యుద్ధకాలంలోనే విప్లవకారులు కొంత, సైగాన్ ప్రభుత్వం కొంత భూమి పంచడంతో అక్కడ చాలామందికి సొంత భూమి వచ్చింది. 1978 నుంచి వాళ్లనూ సమష్టి సేద్యంలోకి తోయబోతే, పంట తగ్గించారు, పశువుల్ని అమ్మేశారు, తోటలు కొట్టేశారు. జెండాలు పట్టుకుని రోడ్డెక్కకుండా రైతు చేసే సమ్మె ఇది. కట్టిన క్షేత్రాలు చాలావరకు కాగితాల మీదే మిగిలాయి.

ఉత్తరాన ఇంకో పని జరిగింది. హైఫాంగ్ వైపు కొన్ని ఊళ్లలో రైతులు, స్థానిక కార్యకర్తలు కలిసి రహస్యంగా కుటుంబాలకు మడులు అప్పగించుకున్నారు. దొంగ ఒప్పందాలని వాటికి పేరు. పైవాళ్లు తనిఖీకి వస్తే దళాలుగా పొలంలో కనబడేవారు. పంట పెరిగిన సంగతి దాగలేదు. ముందు హైఫాంగ్ పార్టీ కమిటీ ఒప్పుకుంది. 1981 జనవరిలో కేంద్రమే 100వ నంబరు ఆదేశం ఇచ్చింది. దున్నకం, విత్తనం, నీరు, ఎరువు, పురుగు మందు క్షేత్రం చూస్తుంది. నాటు, కలుపు, కోత కుటుంబానివి. ఒప్పుకున్న కోటా మీద వచ్చింది కుటుంబానిది. 1985 నాటికి ధాన్యం కోటీ 80 లక్షల టన్నులు దాటింది.

ఆ తర్వాత మళ్లీ ఆగిపోయింది. ఎందుకు? రైతు ఎక్కువ పండించిన ప్రతిసారీ క్షేత్రం అధికారులు కోటా పెంచారు. రైతుకు దక్కేది పంటలో అయిదో వంతుకు దిగింది. ఎరువు సమయానికి రాలేదు. 1986లో ధరలు ఒక్క ఏడాదిలో 700 శాతానికి పైగా పెరిగాయి. అప్పుడు, ఆ డిసెంబరులో, పార్టీ ఆరో మహాసభ దోయ్ మోయ్ అనే మార్పుల విధానాన్ని ఆమోదించింది. లె జువాన్ చనిపోయాక ఆ కొద్ది నెలలు ప్రధాన కార్యదర్శిగా ఉండి, ఆ మార్పును ముందుకు నెట్టింది ఎవరనుకుంటున్నారు? ట్రూంగ్ చిన్. భూసంస్కరణల్లో పదవి పోగొట్టుకుని, కిమ్ న్గోక్‌ను ఖండించిన అదే మనిషి, 79 ఏళ్ల వయసులో ఊళ్లు తిరిగి, లెక్కలు చూసి మారాడు. కిమ్ న్గోక్‌కు ప్రభుత్వం బిరుదులు ఇచ్చింది 1995లో ఒకసారి, 2009లో ఒకసారి. బతికుండగా వినకపోయినా, తర్వాతైనా ఒప్పుకున్నారు.

1988 తొలి నెలల్లో ఉత్తరాన కొన్ని జిల్లాల్లో మళ్లీ ఆకలి. బియ్యం దిగుమతి చేసుకున్నారు. ఆ ఏప్రిల్‌లో పదో నంబరు తీర్మానం వచ్చింది. భూమి 15 ఏళ్లకు కుటుంబానికి, ఒప్పంద పంటలో కనీసం 40 శాతం రైతుకే. వెంటనే తర్వాత కోటా సేకరణ, రెండు ధరల పద్ధతి ఎత్తేశారు. 1989లో అదే దేశం సుమారు 14 లక్షల టన్నుల బియ్యం ఎగుమతి చేసి, థాయ్‌లాండ్, అమెరికా తర్వాత నిలిచింది.

ఏడాదిలో దిగుమతి నుంచి ఎగుమతికి. దీన్ని చూపించి, చూశారా, మార్కెట్ వదిలితే చాలు అంటారు కొందరు. తొందరపడకండి. ఆ మార్కెట్ ఏ నేల మీద దిగింది? భూస్వామి లేని నేల మీద. కౌలు కింద సగం పంట తీసుకుపోయేవాడు లేడు. ఎక్కువ ఊళ్లలో క్షేత్రం భూమిని తలా ఇంత అని చాలావరకు సమంగా పంచుకున్నారు. కాలువలు ముందే ఉన్నాయి. చదువుకున్న ఆడవాళ్లు, మగవాళ్లు ఉన్నారు. ప్రపంచ బ్యాంకు లెక్క ప్రకారమే అక్కడ పేదరికం 1993లో 58 శాతం, 2004 నాటికి 20 శాతం లోపు. భూమి పంచకుండా మార్కెట్ తెరిచిన దేశాలు ఈ లెక్క చూపించగలవా? ఇందులో భూసంస్కరణ వాటా, మార్కెట్ వాటా విడదీయలేం. రెండోదాన్నే పొగిడేవాళ్లు మొదటిదాన్ని ఎందుకు మరిచిపోతారో మనకు తెలుసు.

మార్కెట్ తన మొహం చూపించింది

1990లలో మధ్య ఉన్నత ప్రాంతాల్లో, డాక్ లాక్ వైపు, అడవి నరికి రోబస్టా కాఫీ వేశారు. కొన్నేళ్లలో వియత్నాం బ్రెజిల్ తర్వాత రెండో పెద్ద కాఫీ ఎగుమతిదారైంది. 2001-02లో ప్రపంచ ధర దశాబ్దాల్లో ఎన్నడూ లేనంత కిందికి పడింది. అప్పు తెచ్చి వేసిన మొక్కల్ని రైతులే నరికారు. రోబస్టా ధర లండన్ ఎక్స్ఛేంజీలో తేలుతుంది. కత్తెర మళ్లీ వచ్చింది, ఈసారి దాని పిడి హనోయ్‌లో లేదు. మన మిర్చి, పత్తి రైతుకు ఈ ముక్క వేరే చెప్పాలా?

1993 భూచట్టం ప్రకారం భూమి ప్రజలందరిది, నిర్వహణ రాజ్యానిది. రైతుకు మార్పిడి, బదిలీ, కౌలు, వారసత్వం, తాకట్టు అనే అయిదు హక్కులు. ఏడాది పంటలకు 20 ఏళ్లు, తోటలకు 50 ఏళ్ల గడువు. ఒక కుటుంబానికి ఏడాది పంటల భూమి 3 హెక్టార్లకు మించకూడదని పరిమితి. ఎర్ర నది డెల్టాలో కుటుంబానికి దక్కింది ఎకరం లోపే, అదీ ఆరేడు చోట్ల చెదిరిన మడులుగా. మంచి నేల, చవిటి నేల, దూరపు నేల అందరికీ సమంగా రావాలని అలా పంచారు. న్యాయంగా ఉంది, దున్నడానికి మాత్రం నరకం. మెకాంగ్ డెల్టాలో దీనికి వ్యతిరేకం. అక్కడ భూమి అమ్ముకుని కూలీలైనవాళ్లు పెరిగారు.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పదలుచుకున్న సంఘటనకు వస్తాను. 1997లో థాయ్ బిన్ అనే రాష్ట్రంలో రైతులు వేలసంఖ్యలో రోడ్డెక్కారు. థాయ్ బిన్ అంటే ఎక్కడో మూల ప్రాంతం కాదు. విప్లవానికి, సైన్యానికి మనుషుల్ని, బియ్యాన్ని ఇచ్చిన ఎర్రకోట. రోడ్డు పేరిట, కరెంటు పేరిట, బడి పేరిట ఊరి అధికారులు రకరకాల వసూళ్లు చేసి, లెక్క చెప్పకుండా కొత్త మేడలు కట్టుకున్నారు. ఫిర్యాదులు రాసి రాసి విసిగిన రైతులు కార్యాలయాల్ని ముట్టడించారు. ముందు నిలిచినవాళ్లలో మాజీ సైనికులు, పాత పార్టీ సభ్యులు ఉన్నారు. కొందరు జైలుకెళ్లారు. కానీ ప్రభుత్వం అది విదేశీ కుట్ర అని కొట్టిపారేయలేకపోయింది. చాలామంది స్థానిక అధికారుల మీద చర్య తీసుకున్నారు. 1998లో గ్రామ స్థాయి ప్రజాస్వామ్యం మీద ఒక ఉత్తర్వు వచ్చింది. ఊరి బడ్జెట్ ఊరివాళ్లకు చూపించాలి, వసూళ్ల మీద ఊరివాళ్లను అడగాలి, పనుల్ని ఊరివాళ్లు తనిఖీ చేయొచ్చు అని. 2003 నుంచి వ్యవసాయ భూమి పన్నులో చాలా భాగం మాఫీ చేశారు.

ఈ ఉత్తర్వు అన్ని ఊళ్లలో అమలవుతోందని నేను చెప్పను. చెప్పేదేమిటంటే, ఎర్రజెండా ప్రభుత్వం కింద కూడా రైతుకు తన మాట తానే చెప్పుకునే సంఘం అవసరం తీరిపోదు. లెనిన్ 1920 చివర్లో కార్మిక సంఘాల చర్చలో ఈ మాటే మరో విధంగా అన్నాడు. మన రాజ్యంలో అధికార దర్జా పెరిగిపోయింది, సంఘాలు కార్మికుల్ని తమ సొంత రాజ్యం నుంచి కూడా కాపాడాలి, ఆ రాజ్యాన్ని కాపాడే పనిలోనూ ఉండాలి అన్నాడు. వియత్నాంలో రైతు సంఘం ఉంది, లక్షల సభ్యత్వం ఉంది, కానీ అది పార్టీ మాట రైతుకు చెప్పడంలో ఉన్నంత చురుగ్గా రైతు మాట పార్టీకి చెప్పడంలో లేదు. ఆ పని దొంగ ఒప్పందాలు చేశాయి, పంట తగ్గించిన మెకాంగ్ రైతు చేశాడు, థాయ్ బిన్ రోడ్లు చేశాయి. 1956 నుంచి 1988 దాకా ప్రతి సవరణ వెనకా ముందు రైతు కాళ్లతో వేసిన ఓటు ఉంది, ఆ తర్వాతే తీర్మానం.

2012లో హైఫాంగ్ దగ్గర తియెన్ లాంగ్ జిల్లాలో ఇంకో గొడవ జరిగింది. సముద్రపు ఒడ్డున మట్టి పోసుకుని చేపల చెరువులు చేసుకున్న ఒక కుటుంబం దగ్గర, గడువు అయిపోయిందని పరిహారం లేకుండా జిల్లా అధికారులు భూమి తీసుకోబోయారు. ఆ కుటుంబం నాటు బాంబులతో, తుపాకితో ఎదురు తిరిగింది. పోలీసులు, సైనికులు గాయపడ్డారు. చివరికి ప్రధానమంత్రే ఆ స్వాధీనం చట్టవిరుద్ధమని తేల్చాడు. అయినా ఎదిరించిన రైతుకు జైలు శిక్ష పడింది. నాటు బాంబులు మన మార్గం కాదు. భూమి ప్రజలందరిదని రాసుకున్న దేశంలో ఆ ప్రజల తరఫున సంతకం పెట్టేవాడు జిల్లా అధికారి అయినప్పుడు ఏమవుతుందన్నది మాత్రం ఆలోచించాలి. పరిశ్రమల పార్కులకు, గోల్ఫ్ మైదానాలకు, విల్లాలకు ప్రభుత్వ ధర కట్టించి తీసుకున్న భూమి మార్కెట్లో ఎన్నో రెట్లకు అమ్ముడుపోయింది. నిన్నమొన్నటిదాకా ఆ దేశంలో వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇవే. 2024లో చేసిన కొత్త భూచట్టం ప్రభుత్వ ధరల చట్రాన్ని ఎత్తేసి, మార్కెట్‌కు దగ్గరగా ఏటా ధరల జాబితా వేయాలంది. సోషలిస్టు దేశంలో ఇది కొత్త చట్టం కావాల్సి వచ్చింది చూడండి. మొదట రైతు బియ్యంతో ఫ్యాక్టరీ కట్టారు, ఇప్పుడు రైతు భూమితో కడుతున్నారు.

మరి సహకారం సంగతి? 1923 జనవరిలో, జబ్బు మంచం మీద ఉండి లెనిన్ సహకారం గురించి చెప్పి రాయించిన వ్యాసం ఉంది. రైతు స్వచ్ఛందంగా, లాభం చూసి, అర్థం చేసుకుని చేరడానికి ఒక మొత్తం చారిత్రక కాలం పడుతుందన్నాడు, పదేళ్లో ఇరవయ్యేళ్లో. వియత్నాం 1996లో కొత్త సహకార చట్టం చేసింది. ఇప్పుడు అక్కడి సహకార సంఘం రైతు భూమి అడగదు. నీళ్లు, విత్తనం, దుక్కి యంత్రం, అమ్మకం చూస్తుంది. పక్కపక్క మడుల రైతులు ఒకే రకం విత్తనం, ఒకే రోజు నాటు వేసి, ఒక్కటిగా బేరమాడే పద్ధతి మెకాంగ్ డెల్టాలో 2011 నుంచి వ్యాపించింది. కంపెనీ ఒప్పందం తప్పిన చోట్లూ ఉన్నాయి, ధర పెరగగానే రైతే బయట అమ్మిన చోట్లూ ఉన్నాయి. మన సొసైటీల పరిస్థితి తెలిసినవాళ్లు నవ్వుకుంటున్నారు, నాకు కనబడుతోంది. అయినా గట్టు చెరపకుండా బేరం కలపడం అనే ఈ పద్ధతి మన ఊళ్లలో కౌలు రైతుతో సహా ఎలా చేయొచ్చో సాయంత్రం గుంపు చర్చల్లో మాట్లాడుకోండి. కౌలు రైతును వదిలేసి చేసేది నాకైతే అక్కర్లేదు.

చివరగా ఒక్క విషయం. 1993లో ఇచ్చిన 20 ఏళ్ల గడువు 2013లో తీరింది. అప్పుడు అక్కడ పెద్ద చర్చే జరిగింది. గడువు పొడిగించాలా, లేక భూమి మళ్లీ కలిపి, ఈ 20 ఏళ్లలో పుట్టినవాళ్లకు కూడా వాటా వేసి పంచాలా? మళ్లీ పంచితే, నేల మీద ఖర్చు పెట్టిన రైతు నష్టపోతాడు. పంచకపోతే, 1993 తర్వాత పుట్టినవాడికి సొంత పేరున మడి లేదు. 2013 చట్టం పొడిగింపు వైపే మొగ్గి, ఏడాది పంటల గడువును 50 ఏళ్లు చేసింది. ఆ పొడిగింపు 2063 దాకా. భూమి దక్కని ఆ పిల్లలు ఇప్పుడు హనోయ్, హో చి మిన్ నగరాల చుట్టూ బూట్లు, ఫోన్లు తయారు చేసే విదేశీ ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేస్తున్నారు. సెలవులకు ఊరు వచ్చి నాట్లలో చెయ్యి వేసి వెళ్తున్నారు. వాళ్లను రైతులనాలా, కార్మికులనాలా అన్నది ఆ దేశపు మార్క్సిస్టులు ఇంకా తేల్చలేదు. మీ ఇళ్లలోనూ హైదరాబాదులో, బెంగళూరులో అలాంటి పిల్లలున్నారు కాబట్టి, ప్రశ్నలు అక్కడినుంచే మొదలుపెడదాం. అధ్యక్షులు చీటీ పంపారు, ఇంకో 20 నిమిషాలున్నాయి.